ఎర్రన్న కుడికన్ను

చినగెడ్డపాలెంలో ఎర్రన్న ఒక మాట అన్నాడంటే దానికి తిరుగులేదు. ముప్పై అయిదేళ్ళు చుక్కాని పట్టిన చెయ్యి అతనిది. తన ఇంజను తెప్ప ఎక్కిన మనిషిని ఒక్కణ్ణి కూడా సముద్రానికి ఇవ్వలేదు. ఒడ్డు మీది కొండ కొమ్మూ, లైటుహౌసూ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా తెప్పను నడిపించి "ఇక్కడెయ్యండ్రా వల" అన్నాడా, అక్కడ చేపలుండి తీరాల్సిందే. కుర్రాళ్ళు జీపీయస్ పెట్టెలు కొనుక్కున్నారు గానీ ఎర్రన్న తెప్పలో ఆ పెట్టె సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. హైస్కూల్లో తల్లిదండ్రుల కమిటీకి, సంతకం తప్ప అక్షరం రాకపోయినా, ఎర్రన్ననే చైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టారంటే ఆ గౌరవం వల్లే.

అంత మనిషికీ ఒక గుట్టుంది. అతని కుడికన్ను మధ్యలో బొక్క ఉంది.

బొక్కంటే పైకి కనిపించేది కాదు. కన్ను కన్నులాగే ఉంటుంది. ఎడమకన్ను మూసి, ఆ ఒక్క కంటితో ఎదుటి మనిషిని చూస్తే మాత్రం భుజాలు కనిపిస్తాయి, కాళ్ళు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటి కనిపిస్తుంది. ఐదేళ్ళ కిందట డిసెంబరులో సూర్యగ్రహణం పట్టినప్పుడు వచ్చిందది. ఎలా వచ్చిందంటారా? అదే కదా సిగ్గు! ముందురోజు ఊరంతా దండోరా వేయించింది ఎర్రన్నే. "రేపు తెప్పలు దిగకూడదు. పిల్లగుంటలెవులూ గుమ్మం దాటకూడదు. సూరీడికేసి సూసినోడి కాళ్ళిరగ్గొట్టేస్తాను" అని గంభీరంగా చెప్పించాడు. తీరా గ్రహణం పట్టాక, అందర్నీ ఇళ్ళల్లో పెట్టి తలుపులేయించి, తాను మాత్రం ఒడ్డున బోర్లించిన తెప్ప చాటుకు చేరాడు. చేతిలో విశాఖ హార్బరులో ఎవరో ఓడ మనిషి దగ్గర కొన్న పాత బైనాక్యులరు. దాని ఎడమ గొట్టం పగిలిపోయింది, కుడిదొక్కటే పనిచేస్తుంది. భార్య మరిడమ్మకి చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్ములోంచి ఒక ముక్క కత్తిరించి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. సూర్యుడు, ఒకపక్క కొరికిన అప్పంలా, ముచ్చటగా కనిపించాడు. నొప్పి లేదు, మంట లేదు. తనివితీరా ఐదు నిమిషాలు చూశాడు. మర్నాడు పొద్దున్న లేచి కుడికంటితో చూస్తే మరిడమ్మకి ముఖం లేదు.

ఎవరితో చెప్పుకుంటాడు? ఊరికి నీతులు చెప్పి తాను చాటుగా తప్పు చేసినవాడు తేలు కుట్టిన దొంగే. "కన్ను మసగ్గా ఉన్నాది, ఊళ్ళో అనకు" అని మరిడమ్మతో మాత్రం అన్నాడు. ఆ పిచ్చి ఇల్లాలు ఒక ఆదివారం అరసవిల్లి తీసుకెళ్ళి, సూర్యనారాయణమూర్తికి వెండికళ్ళు సమర్పించి మొక్కు తీర్చింది. ఆ స్వామి ఎదుట చేతులు జోడించి నిలబడితే ఎర్రన్నకి తలెత్తబుద్ధి కాలేదు.

పోనీ అక్కడితో ఆగిందా? కిందటేడు శ్రావణమాసంలో గెడ్డ సముద్రంలో కలిసేచోట రాళ్ళగుంపుకి తెప్ప గుద్దుకుంది. అక్కడ రాళ్ళున్నాయని తెలియడానికి ఎర్రగుడ్డ కట్టిన గెడకర్ర పాతి ఉంటుంది. ఆ మధ్యాహ్నం నీటి మీది ఎండ మెరుపుకి ఎడమకన్ను చెదిరింది, కుడికంటి బొక్కలో గెడకర్ర మాయమైంది. తెప్ప ముక్కు చీలింది, వలలు పోయాయి. ప్రాణాలు దక్కాయంతే. ముందు కూర్చుని దారి చూడాల్సినవాడు ఎర్రన్న మేనల్లుడు ఎల్లాజీ. ఒడ్డుకి చేరగానే ఊరంతా గుమిగూడి ఏమైందని అడిగితే, ఎర్రన్న నోట ఆలోచించకుండా వచ్చేసిన మాట ఇది: "ముందు కూకున్నోడు కునుకు తీసేడు."

తాను కునకలేదని, అరిచానని ఎల్లాజీ ఒట్లు పెట్టుకున్నాడు, నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఇంజను మోతలో మిగతావాళ్ళకి ఏ అరుపూ వినబడలేదు. ఎర్రన్న మాట ఒకవైపు, ఎల్లాజీ మాట ఒకవైపు ఉంటే పాలెం ఏవైపు మొగ్గుతుందో చెప్పాలా? ఆరోజు నుంచి అతను కునుకు ఎల్లాజీ అయ్యాడు. కుళాయి దగ్గర అతని భార్య అనితని ఆడవాళ్ళు దెప్పారు. అయినా ఎల్లాజీ మేనమామ తెప్ప వదల్లేదు. వేరే తెప్పవాళ్ళు ఎవరు పిలుస్తారు కనక?

ఇదంతా కడుపులో పెట్టుకున్న మనిషిని, ఫిబ్రవరి నెలాఖరున, హెడ్మాస్టరు జగన్నాధంగారు స్కూలుకి రమ్మని కబురు పెట్టారు.

వెళ్ళేసరికి స్టాఫురూములో యుద్ధం జరుగుతోంది. బల్ల మీద రెండు మూరల పొడుగున్న టెలిస్కోపు. ఈ స్కూల్లోనే చదివిన పాత విద్యార్థి ఒకతను పంపాడు. ఇరవై ఎనిమిదో తేదీ సైన్సు దినోత్సవం నాడు పిల్లలందరికీ దాంట్లోంచి సూర్యుడి మీది మచ్చలు చూపించాలనీ, మండల విద్యాధికారి చేత శభాష్ అనిపించుకోవాలనీ జగన్నాధంగారి ఆశ. మే నెలలో రిటైరవుతున్నారు పాపం, పోయేముందు ఒక మంచిపని చేశాననిపించుకోవాలని ఆయన తాపత్రయం. అడ్డుపడుతున్నది ఫిజిక్సు టీచరు సుహాసిని. చీపురుపల్లి పిల్ల. కోటబొమ్మాళిలో అద్దెకుంటూ రోజూ ఆటోలో వస్తుంది. మనిషి పిట్టంతే గానీ పట్టుదల కొండంత.

"చూడు ఎర్రన్నా, నువ్వే చెప్పు" అన్నారు మాస్టారు, చొక్కా గుండీ అంత నల్లటి గాజుబిళ్ళని చూపిస్తూ. "సూర్యుణ్ణి చూడ్డానికని కంపెనీవాడే పెట్టెలో పెట్టి పంపాడు. దీని మీద ఇంగ్లీషులో సూర్యుడని రాసి కూడా ఉంది. కన్ను పెట్టే చోట మర తిప్పి బిగిస్తే సరి. ఇంత చక్కటి గాజుండగా, మన మేడమ్ బిస్కెట్ పొట్లం కాగితం తెప్పించింది."

ఆమె చేతిలో నిజంగానే బిస్కెట్ పొట్లం లోపలి కాగితంలా తళతళలాడే పల్చటి వెండిరేకు ఉంది. ఉఫ్‌మంటే ఎగిరిపోయేలా ఉంది.

"సార్, ఈ గొట్టం ముందున్న పెద్దద్దం చేసేది భూతద్దం చేసే పనే కదా" అంది సుహాసిని. "ఎండనంతా పోగుచేసి వెనక ఒక్కచోట పడేస్తుంది. మీరేమో ఈ గాజుని సరిగ్గా ఆ ఎండ పోగుపడే చోట బిగిస్తానంటున్నారు. వేడెక్కి చిట్లిందనుకోండి, కన్ను వెనక్కి తీసుకునే టైమే ఉండదు. ఈ రేకు అలా కాదు. గొట్టం ముందు కడతాం. లక్షవంతుల వెలుగులో ఒక్కవంతే లోపలికి పోనిచ్చి మిగతాదంతా బయటే ఆపుతుంది. దొంగని గుమ్మం దగ్గర ఆపుతామా, బీరువా దగ్గర ఆపుతామా?"

"ఆ గుమ్మానికి కాగితం తలుపేటమ్మా?" అన్నారు మాస్టారు. "గాజు గట్టిదా, కాగితం గట్టిదా? ఎవర్నడిగినా చెబుతారు."

పిల్లలు ఇళ్ళల్లోంచి తెచ్చినవి బల్ల మీద ఒక పక్కన పోసి ఉన్నాయి. సుహాసిని ఒక్కొక్కటే తీసి అవతల పెట్టింది. మసి పట్టించిన గాజుపలక పనికిరాదంది. వెల్డింగు షాపు గాజు నంబరెంతో తెలియదు, తెలిసినా టెలిస్కోపుకి వద్దంది. గ్రహణం కళ్ళజోడు వట్టి కళ్ళతో చూడ్డానికే, అది పెట్టుకుని గొట్టంలోకి చూస్తే ముందు జోడు, తర్వాత కన్ను కాలతాయంది. ఆఖరికి ఎక్స్‌రే ఫిల్ము తీసింది. ఎవరిదో మోకాలి ఫోటో అది.

"అన్నిట్లోకీ దొంగది ఇదే. నల్లగా ఉంటుంది కనక సూర్యుడు చల్లగా, ముద్దుగా కనబడతాడు. కంటికి కనపడని వేడి మాత్రం ఆగదు, తిన్నగా లోపలికి పోతుంది. మనకేమో ఏమీ కావట్లేదనిపిస్తుంది."

ఎర్రన్న గొంతు సవరించుకుని కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు.

చివరికి పరీక్ష పెడదామని సుహాసినే అంది. గాజుబిళ్ళ బిగించి, టెలిస్కోపుని ఎండకేసి తిప్పి, ఎవరూ కన్ను పెట్టకుండా పది నిమిషాలు వదిలేశారు. ఆమె అనుకున్నట్టు గాజు చిట్లితే గొడవే ఉండేది కాదు. అది చిట్లలేదు. మాస్టారు దాన్ని జేబురుమాలుతో తుడిచి, "చూశారా!" అని మెరిసిపోయారు.

"పదో నిమిషంలో పగలనిది పదకొండో నిమిషంలో పగలొచ్చు సార్. అప్పుడు అక్కడ ఏ పిల్ల కన్ను ఉంటుందో" అంది ఆమె. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సరేలే, ఎల్లుండి పొద్దున్న కమిటీలోనే తేల్చుకుందాం. నలుగురూ గాజంటే గాజు, రేకంటే రేకు. ఏమంటావు చైర్మన్?"

"అలగే మాస్టారూ" అన్నాడు ఎర్రన్న.

మర్నాడు మధ్యాహ్నం సుహాసినే అతన్ని పిలిపించింది. ఒకవేళ రేకుకే ఒప్పుకున్నా, సముద్రపు గాలికి అది ఊడిపోతే గాజుకంటే పెద్ద ప్రమాదం. రెండు అట్టచక్రాల మధ్య రేకుని అతికించింది గానీ గొట్టానికి గట్టిగా కట్టడం ఆమెకి చేతకాలేదు. ముందుగా రేకుని బల్బుకి ఎదురుగా పట్టి సూదిమొన అంత బొక్క కూడా లేదని రెండుసార్లు చూసుకుంది. ఎర్రన్న వలలు కుట్టే నైలాను దారం తీసి, అట్టచక్రానికి చెవులు పెట్టి, గొట్టం చుట్టూ నాలుగు పేటలు వేసి ముడి బిగించాడు. తుఫానులో పడవని కట్టే ముడి అది. గొట్టం మీద గురి చూసుకునే బుల్లి గొట్టం ఇంకోటుంటే దానికి కూడా మూత పెట్టి కట్టెయ్యమంది. దాంట్లోంచి చూసినా కన్ను పోతుందట.

ముడి మీద చెయ్యి అలాగే ఉంచి, తల ఎత్తకుండా అడిగాడు ఎర్రన్న.

"టీచరమ్మా, కన్ను కాల్తే మంటెత్తాలి కదా? నొప్పెయ్యాలి కదా?"

"అదే కదా బాబాయ్ మోసం. కంటి వెనకుండే పొరకి నొప్పి తెలీదు. కాలుతున్నప్పుడు హాయిగానే ఉంటుంది. తర్వాత చూపు మధ్యలో మరక పడుతుంది. తిన్నగా చూసిందే కనబడదు."

"మందేటైనా ఉన్నాదా?"

"మొదటి నెలల్లో కొందరికి కొంచెం దానంతటదే సర్దుకుంటుంది. ఏళ్ళు గడిచాక ఇంక లేదు బాబాయ్. ఎవరికైనా అయిందా?"

"ఎవులో ఒడిశా వోడు. తెప్పల కాడ సెప్తే ఇన్నాను."

ఐదేళ్ళుగా ఏదో ఒకరోజు పొద్దున్న లేచేసరికి మరక పోతుందని లోలోపల ఆశపడుతూ వచ్చాడు పాపం. ఆ ఆశ ఆ బల్ల దగ్గర పోయింది. దుఃఖం పొంగుకొచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదో తరగతి చదివే మనవరాలు రాణి గెంతుతూ ఎదురొచ్చింది. "తాతా, రేపు నానే ముందు సూడాలట! సైర్మన్ మనవరాలు కదా, ముందు నీ కన్నే పెట్టాలమ్మా అన్నారు మాస్టారు."

"రేపు బడికెల్లకు."

"ఎందుకెల్లకూడదు?"

"ఎల్లొద్దంటే ఎల్లొద్దు, అంతే!"

"బాగుందయ్యా నీ పెత్తనం" అని మరిడమ్మ పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "ఊరి గుంటలందరూ సూస్తే మన గుంట సూడకూడదేటి? సైర్మనువి నువ్వా, కాదా?"

మనవరాలిని ఇంట్లో దాచుకుంటే సరిపోతుందా? మిగతా నూట నలభైమంది మాటేమిటి? పోనీ మాస్టారి ఒక్కరి చెవిలో చెబితే? పొద్దున్న ఆయన చెవిలో వేసిన మాట సాయంత్రానికి చేపలగట్టు మీద ఉంటుంది. కన్ను సంగతి బయటపడితే రాళ్ళ సంగతి బయటపడకుండా ఉంటుందా? ఒంటికన్నువాడి చేతికి చుక్కాని ఎవరిస్తారు? అబద్ధమాడి మేనల్లుడి పరువు తీశాడని తెలిస్తే ఆ మనిషి మాటకి విలువేముంటుంది? ఎర్రన్న కక్కలేక మింగలేక, కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్న స్కూలు ఆవరణలో షామియానా వేశారు. తల్లులూ తండ్రులూ నలభైమంది దాకా వచ్చారు. రాణి తెల్లారకముందే తలకి పోసుకుని, తాత కళ్ళు గప్పి వచ్చేసింది. మండల విద్యాధికారి పదకొండింటికి వస్తారట, ఆయన వచ్చేలోగా అన్నీ సరిచూసుకోవాలని జగన్నాధంగారి హడావుడి. సుహాసిని తన మాట చెప్పింది. ఆయన తన మాట చెప్పారు. గాజుబిళ్ళనీ, గొట్టం నుంచి విప్పించిన రేకునీ అందరి చేతుల్లోకీ పంపారు. రేకు చేతికి రాగానే ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

"సైర్మన్‌గారేటంటారు?" అని ఎవరో అడిగారు.

ఎర్రన్న లేచాడు. "మేడమ్మగారు సదువుకున్నోరు. ఆవిడ మాట ఇందాం."

"నువ్వేటి మావా, తెప్ప మీద బతికినోడివి అలగంటావు?" అన్నాడు ఎల్లాజీ వెనకనుంచి. "మన గాలికి ఆ కాయితం ఆగుతాదేటి? గాజే గట్టిది."

అందరూ అవునంటే అవునన్నారు. ఎర్రన్న ఇంకోసారి నోరు తెరిచాడు గానీ ఎందుకని అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఉన్నది ఒక్కటే కారణం. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. జగన్నాధంగారు రేకుని పక్కన పెట్టించి, గాజుబిళ్ళ బిగించి, టెలిస్కోపుని సూర్యుడికేసి తిప్పారు. సుహాసిని "సార్, వద్దు సార్" అని గొట్టానికి అడ్డం వెళ్ళింది. "పిల్లల ముందు గొడవెందుకమ్మా" అని ఆయన ఆమెని సున్నితంగా పక్కకి జరిపారు.

"రా అమ్మా రాణీ."

రాణి తడిజడ వెనక్కి వేసుకుని, ఒక కన్ను చేత్తో మూసుకుని, నవ్వుతూ వంగింది.

"ఒసే! ఆగే!"

ఎర్రన్న కేక విని చెట్ల మీది కాకులు లేచాయి. రెండు అంగల్లో వెళ్ళి మనవరాలి జబ్బ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పిల్ల కిందపడింది. జనమంతా కొయ్యబారిపోయారు.

"ఎల్లాజీ, ఇలగ రారా. నా ఎదర నిలబడు."

ఎల్లాజీ అయోమయంగా వచ్చి నిలబడ్డాడు. ఎర్రన్న అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నాడు.

"నీ సొక్కా అవుపడతన్నాది. నీ సేతులు అవుపడతన్నాయి. నీ మొకం నేదురా నాకు. ఐదేళ్ళయినాది ఈ కంటికి మనిసి మొకం అవుపడి."

"ఏటైనాది మావా?" అన్నాడు ఎల్లాజీ.

"గ్రహణం సూసేను. మీ అందర్నీ సూడొద్దని, నాను తెప్ప సాటున కూకుని సూసేను. బైనాక్లరు పెట్టి, దానికి ఎక్సరే ముక్క అడ్డెట్టి సూసేను. నొప్పెట్టలేదు. సల్లగా ఉన్నాది. నల్లటిది అడ్డెడితే ఏటీ అవదనుకున్నాను, మీరిప్పుడు అనుకున్నట్టే. మేడమ్మగారు సెప్పింది నిజిం. ఆ గాజు మన గుంటల కంట్లో ఎట్టకండి."

"ఎక్సరేనా?" మరిడమ్మ జనంలోంచి తోసుకుంటూ ముందుకొచ్చింది. "నా సెయ్యి ఫోటువా? ఓరి నీ జిమ్మడ! అది ఎలకలు కొట్టీసేయన్నావు కదా! మరి నాను అరసవిల్లిలో వెండికళ్ళు..." మిగతా మాట రాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నారు.

జగన్నాధంగారు అప్పటికే గాజుబిళ్ళ ఊడదీశారు. "నా చేత్తో... పిలిచి మరీ... ఆడపిల్లని" అన్నారు. ఆ బిళ్ళని సుహాసిని చేతిలో పెట్టి, "క్షమించమ్మా" అని కుర్చీలో కూలబడ్డారు.

ఎర్రన్న అక్కడితో ఆపినా అడిగేవాడు లేడు. పిల్లల కళ్ళు దక్కాయి, పెద్దాయన పాపం బయటపెట్టాడు, ఇంక ఇంటికి పోవచ్చు. కానీ ఎల్లాజీ కదల్లేదు. అతను ఎర్రన్న కుడికన్ను వైపే చూస్తున్నాడు. ముందు వెలవెలబోయిన ముఖం మెల్లగా ఎర్రబడింది.

"మావా, రాళ్ళ కాడ గెడకర్ర..."

ఎర్రన్న ఎడమకంటి మీంచి చెయ్యి తీసేశాడు. మేనల్లుడి ముఖం ఇప్పుడు తేటగా కనిపించింది. చూడలేక తల దించుకోబోయి, మళ్ళీ తనే ఎత్తాడు.

"అవుపడలేదురా. నువ్వు కునకలేదు. నువ్వరిసేవు. నీ అరుపు నాకు ఇనపడ్డాది, ఇంజను మోతలో ఎటేపన్నావో తెలీక తిప్పలేకపోనాను. ఒడ్డుకొచ్చినాక నీ మీద తోసీసేను." జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇనండి అందరూ. ఆడు కునకలేదు. నాను అబద్దమాడేను."

ఎల్లాజీ వెనక్కి తిరిగి గేటు దాటి వెళ్ళిపోయాడు.

సుహాసినే ముందు తేరుకుంది. రేకు తెచ్చి ఎర్రన్న ముందు పెట్టి, "మీరే కట్టాలి బాబాయ్" అంది. అతను దారం తీసి ముడులు వేశాడు. ఆమె గట్టిగా లాగి చూసింది, బుల్లి గొట్టం మూత చూసింది, ఆ తర్వాతే రాణిని పిలిచింది. ఆ పిల్ల మోచెయ్యి దోక్కుపోయింది, బెదురుతూనే వంగింది.

"తాతా! అప్పడంలాగ తెల్లగా ఉన్నాడు! ఓరకి రెండు నువ్వుగింజలున్నాయి తాతా!"

"ఆ నువ్వుగింజ ఒక్కోటీ మన భూమికంటే పెద్దది" అంది సుహాసిని. పిల్లలు హోరున అరిచి వరసలో తోసుకున్నారు. నూట నలభైమందీ చూసేదాకా, విద్యాధికారి వచ్చి చూసి వెళ్ళేదాకా, గాలి వీచినప్పుడల్లా ముడి తడుముకుంటూ ఎర్రన్న గొట్టం పక్కనే నిలబడ్డాడు. మీరు చూడరా అని ఎవరో అడిగితే తల అడ్డంగా ఊపాడు. మరిడమ్మ కుండలోంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ఇంటికి రా, సెప్తాను నీ పని" అంటూనే అతను తాగేదాకా గ్లాసు కింద చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఎండ వాలాక ఎర్రన్న ఒడ్డుకి వెళ్ళాడు. ఎల్లాజీ తెప్ప పక్కన ఇసకలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఎర్రన్న తెప్పలోకి వంగి చుక్కాని పిడి ఊడదీసి అతని పక్కన పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వు పట్టు."

ఎల్లాజీ దానివైపు చూడను కూడా చూడలేదు. "అది తరవాత సంగతి మావా. ముందు మా ఇంటికి రా. నువ్వే వొచ్చి సెప్పు."

"బళ్ళో అందరి ఎదరా సెప్పేను కదరా."

"మా ఇంట్లో వోళ్ళు రాలేదు బడికి. మా ఆవిడ సిగ్గుతో రాలేదు. మా గుంట బారతి ఎనిమిది రోజులై బడి మానేసింది. నువ్వు దానికి సెప్పు."

ఎర్రన్నకి ఆ సంగతి తెలియదు. ఎల్లాజీ లేచి నడిస్తే అతని వెనకే వెళ్ళాడు.

ఇంటి ముందు అనిత కత్తిపీట దగ్గర చేపలు కోస్తోంది. ఎర్రన్న నిలబడే చెప్పాడు, ఒక్క ముక్క మింగకుండా అంతా చెప్పాడు. ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది. తర్వాత లోపలికి తిరిగి, "ఒసే బారతీ, ఇలగ రాయే. తాతేటో సెప్తాడట, ఇను" అంది. పదకొండేళ్ళ పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది. "నన్నంటే ఊరుకున్నాను. బళ్ళో దీని ఎనకాల గుంటలు కునుకని గుర్రు పెట్టేవోరు మావా" అంది అనిత. "నువ్వు నాకు సెప్పినట్టు కాదు. దానికి తెలిసేలాగ సెప్పు."

ఎర్రన్న ఆ పిల్ల ఎదుట నేల మీద గొంతుక్కూర్చున్నాడు. మూడుసార్లు మొదలెట్టి ఆపాక చెప్పాడు.

"మీ అయ్య నిద్దరోలేదమ్మా. మీ అయ్య రాళ్ళు సూసేడు. నాకు సెప్పేడు. నానే సూడలేకపోనాను. నాను సెడ్డపని సేసి, అది మీ అయ్య మీదెట్టేను."

పిల్ల అతని రెండు కళ్ళనీ మార్చి మార్చి చూసింది. "మా అయ్య అరిసేడా?"

"అరిసేడు. గట్టిగా అరిసేడు."

భారతి తలుపు వదిలేసి తండ్రి దగ్గరికి వెళ్ళింది. లుంగీ పట్టుకుని తలెత్తి అడిగింది. "ఏటని అరిసేవు అయ్యా?"

ఆరు నెలలుగా ఒట్లు పెట్టినా ఎవరూ నమ్మని మనిషి, ఆ మాట అడిగినవాళ్ళే లేని మనిషి, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఎడమేపుకి తిప్పు మావా, రాయి ఉన్నాది, ఎడమేపుకి..." అని మొదలెట్టాడు. సగంలోనే ఆపేసి, చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

భారతి తండ్రి తల నిమురుతూ అంది. "నాకు ఇనపడ్డాది అయ్యా."